రెండు వేళ్ళ ఎత్తు

"…అది కొట్టెయ్యి అమ్మలూ. ‘నేను’ అని రాశావే, అదే. దాని బదులు ‘పెద్దాయన’ అని రాయి. నేను, నేను అంటూ చెప్పుకుపోతే సగం దూరం వెళ్ళేసరికి నన్ను నేనే వెనకేసుకొస్తాను. పెద్దాయన అంటే వాడెవడో పరాయివాడు, తిట్టడానికి సులువు. నా మాట ఎలాగూ నత్తనడకే, నీ చెయ్యి నొప్పెట్టదు. ఆఁ, రాయి."

పెద్దాయనది మోటారుసైకిళ్ళకి సీట్లు కుట్టే పని. నలభై ఏళ్ళుగా అదే వీధి, అదే ఒంటిగది. ముందు షట్టరు, లోపల కుట్టుమిషను, గోడకి ఆనించిన రెగ్జిన్ చుట్టలు, మూలన నడుమెత్తు పాత స్పాంజి గుట్ట. నడుం పట్టుకుని వచ్చినవాడు ఈల వేసుకుంటూ వెళ్ళేవాడు.

ఆయనకి రెండు పట్టింపులున్నాయి. బండి నడిపే మనిషి స్వయంగా వచ్చి, ఎక్కి కూర్చుని, రెండు కాళ్ళూ నేలకి ఆనిస్తే గానీ కత్తి పట్టడు. ఆ మనిషే కొత్త సీటు మీద నాలుగు వారాలు తిరిగి, బాగుందని చెబితే గానీ పాత స్పాంజి పారెయ్యడు. ఎవరైనా బండిని మాత్రం పంపిస్తే, "తమ్ముడి కాలు కొలిచి అన్నకి చెప్పులు కుట్టమంటారా?" అని కసిరి వెనక్కి పంపేవాడు.

ఆయన కూతురు నర్సు. ఆసుపత్రి గదిలో ఉండే నర్సు కాదు. మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, పుళ్ళు కడిగి కట్లు మార్చే నర్సు. రోజుకి పదిహేను ఇళ్ళు. మొగుడి పాత మోటారుసైకిలు ఐదేళ్ళ కిందటే ఆమెదైపోయింది. మందుల సంచి వెనక కట్టుకుని పొద్దున బయల్దేరితే పొద్దువాలేదాకా దాని మీదే. సీటు అరిగి చెక్కలా అయ్యాక, వెన్ను చివర ఎముక దగ్గర నొప్పి పట్టుకుంది. భోజనం కూడా నిలబడే చేసేది.

అల్లుణ్ణి వీధిలో అందరూ రేడియో అంటారు. మనసు మంచిదే, నోటికే మీట లేదు. భార్యకి సెలవు దొరికిన ఒక రోజున, ఆమె నిద్ర లేవకముందే బండి తోసుకుంటూ కొట్టుకి వచ్చాడు.

"మామయ్యా, మీ అమ్మాయికి తెలీకుండా తెచ్చాను. స్పాంజీ, కవరూ అన్నీ కొత్తవి వెయ్యాలి. సాయంత్రం చూసి నోరు వెళ్ళబెట్టాలి!"

"అమ్మాయి… రావాలి బాబూ…"

"వస్తే ఇంక మజా ఏముంది? అయినా మీ కూతురి కొలత మీకు తెలీదా మామయ్యా! సరే, నేను వెళ్తున్నా, ఆఫీసుకి ఆలస్యమైపోయింది."

పెద్దాయన ‘కానీ’ అనేసరికి అల్లుడు వీధి మలుపు దాటేశాడు.

అయినా తప్పు అల్లుడిది కాదు. పిలిస్తే వెనక్కి వచ్చేవాడే. పెద్దాయన పిలవలేదు. ఆ ఒక్క మాట ఆయనకి తియ్యగా తగిలింది. నా కూతురి కొలత నాకు తెలీకపోవడమేమిటి? భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన పిల్ల!

ప్రేమ ముంచుకొస్తే చెయ్యి అదుపులో ఉండదు. పాత కవరు పిన్నులు పీకి, అరిగిన స్పాంజి మూలకి విసిరేశాడు. అడుగున గట్టి స్పాంజి వేశాడు. దాని మీద మెత్తటిది. పిల్ల నొప్పి గుర్తొచ్చి, దాని మీద ఇంకో పొర. ట్యాంకు పక్కన సీటుని సన్నగా చెక్కాలి, కాళ్ళు కిందికి సూటిగా దిగేది అక్కడినుంచే. తొడలకి ఒరుసుకోకుండా మెత్తగా ఉంటుందిలే అని అక్కడ కూడా వెడల్పుగా వదిలేశాడు. రెగ్జిన్ లాగి బిగించి పిన్నులు కొట్టాడు. అరచేత్తో నొక్కి, మురిసిపోయి, తనే ఎక్కి కూర్చుని చూశాడు. హాయిగా ఉంది, కాళ్ళు నేలకి బాగా ఆనాయి. ఆయన తాటిచెట్టంత మనిషి. కూతురు తల్లి పోలిక, పొట్టి. ఆ సంగతి ఆ పూట ఆయన బుర్రలోకి రాలేదు.

మర్నాడు ఫోన్ చేశాడు. "ఎలా ఉందమ్మా?"

"నీ ఒళ్ళో కూర్చున్నట్టుంది నాన్నా."

ఆ మాట వీధిలో ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు.

ఐదో రోజున కూతురు పడిపోయింది. ఒక రోగి ఇంటి ముందు ఏటవాలు దారి. గేటు తీసేవరకూ బండి ఆపాలి. ఆపింది, ఎడమ కాలు దించింది, నేల అందలేదు. బండి ఆమె మీదే ఒరిగింది. చీలమండ రెండు చోట్ల విరిగింది. ఎవరడిగినా, "కంకర మీద జారాను," అంది.

పెద్దాయన చూడ్డానికి వెళ్ళేసరికి వియ్యపురాలు గుమ్మంలోనే అందుకుంది. "చూశారా అన్నయ్యగారూ? మొగాడి బండి నీకెందుకే అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. నా మాట ఎవరికి కావాలి?"

అల్లుడు కుర్చీ వేస్తూనే మొదలుపెట్టాడు. "బండి అమ్మేస్తున్నా మామయ్యా. మాటయిపోయింది. ఆసుపత్రి లోపలే ఏదో వార్డులో డ్యూటీ వేయించుకుంటుంది. ఈ తిరుగుడు ఇంక చాలు. ఇంతకాలం నడిపిన మనిషి కంకర చూసుకోకపోతే ఎలా చెప్పండి?"

కూతురు పిండికట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని గోడవైపు చూస్తోంది. "నా పదిహేను ఇళ్ళు," అంది, ఎవరితోనో కానట్టు. "ఆ కుంటి టైలరు వేరే వాళ్ళని కాలు ముట్టుకోనివ్వడు."

"అలవాటవుతుందిలే," అన్నాడు అల్లుడు.

మూడోనాడు అల్లుడు బండిని కొట్టుకి తెచ్చాడు. పడినప్పుడు కవరు ఒక పక్క చిరిగింది. "ఆదివారం కొనేవాడొస్తాడు. కాస్త అతికించండి. మీ సీటు చూసే మెచ్చుకున్నాడు మామయ్యా, అద్భుతం అన్నాడు!"

ఆ మెచ్చుకోలు పెద్దాయనకి సంతోషంగానే ఉంది, చిరుగు మీద చెయ్యి వేసేదాకా. చిరుగు పక్కనే, ముందువైపు, ఎడమ అంచున రెగ్జిన్ నిగనిగ పోయి ఒక బద్దలా తెల్లబారింది. కుడి అంచు చూశాడు. అద్దంలా ఉంది. ఐదు రోజుల్లో రెగ్జిన్ అరగదు. ఆగిన ప్రతి చోటా సీటు మీంచి ఎడమకి జారి, వేలాడి, కాలివేళ్ళతో నేల తడుముకుంటే తప్ప.

వెళ్ళి మూల గుట్టలోంచి పాత స్పాంజి లాగాడు. కొత్తదాని పక్కన పెట్టాడు. పాతది ముందు భాగంలో రెండు పక్కలా సన్నగా అరిగి ఉంది, నడుమ కుంగి ఉంది. వేళ్ళు అడ్డం పెట్టి కొలిచాడు. కొత్తది దానికన్నా రెండు వేళ్ళు ఎత్తు. ఐదేళ్ళపాటు ఆ పిల్ల తన కొలత తానే అందులో రాసిపెట్టింది. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే రాత. ఆయన చూడకుండానే మూలకి విసిరేశాడు.

షట్టరు సగం దించి కూతురి దగ్గరికి వెళ్ళాడు.

"సీటు… ఎత్తయింది కదమ్మా?"

"మెల్లిగా నాన్నా. అత్తయ్య పక్క గదిలోనే ఉన్నారు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? ఫోన్లో నీ గొంతు అంత హుషారుగా నేనెప్పుడూ వినలేదు. స్పాంజి అణుగుతుందిలే, వారం ఆగుదాం అనుకున్నా."

"అల్లుడికి… ఇప్పుడే చెప్తాను."

"వద్దు. ఆడలేక మద్దెల ఓడు అంటారు నన్ను. మా నాన్న నా తప్పు నెత్తిన వేసుకున్నాడంటారు. ఒకవేళ నమ్మారనుకో, నీ చేతిపని మీద మాట పడుతుంది. నలభై ఏళ్ళ పేరు నాన్నా అది. కాలుదేముంది, అతుక్కుంటుంది."

పెద్దాయన తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చాడు. అయినా రెండుసార్లు ప్రయత్నించాడు. మొదటిసారి ‘ఆ సీటు’ అనగానే అల్లుడు, "సీటుకేం మామయ్యా, సింహాసనం!" అని అందుకున్నాడు. రెండోసారి ‘తప్పు నాది’ అన్నాడు. "అయ్యో, మీరెందుకు బాధపడతారు, తను చూసుకోవాల్సింది కదా," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. తన పేరు కాపాడటానికి కూతురు మాటలు పడుతోంది. ఆ పేరుతో ఆయనేం చేసుకుంటాడు? ఆమెకి బండి పోతే పని పోతుంది. ఆమె కడిగే పుళ్ళు పదిహేను ఇళ్ళలో ఆమె కోసం చూస్తున్నాయి.

చిరుగు అతికించలేదు. కవరంతా విప్పేశాడు. మెత్తటి పొర ఒకటి తీసి పారేశాడు. సుఖం ఎత్తులో లేదు, అడుగున గట్టిగా, పైన పల్చగా మెత్తగా ఉంటే చాలు. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పే మాటే అది, తన కూతురి దగ్గరే మరిచిపోయాడు. పాత స్పాంజిని పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ ట్యాంకు పక్క భాగం సన్నగా చెక్కాడు. ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేశాడు. కత్తి జారి స్పాంజి రెండుచోట్ల లోతుగా తెగింది. ముక్కలు అతికించి మళ్ళీ రుద్దాడు.

"నిన్న నిన్ను పిలిచి బండెక్కి కూర్చోమన్నాను, గుర్తుందా అమ్మలూ? ఆటకి కాదు. ఇప్పుడు నువ్వూ మీ అమ్మా ఒకటే ఎత్తు. నీ మడమలు రెండూ నేలకి ఆనాయి. నేను అటు తిరిగి ముక్కు తుడుచుకున్నది అందుకే, జలుబు చేసి కాదు.

కవరు తొడిగాను కానీ ముందు వరస పిన్నులు కొట్టలేదు. మీ అమ్మ కట్టు విప్పాక వచ్చి, ఎక్కి కూర్చుని, కాళ్ళు ఆనించి, అబద్ధం ఆడకుండా ‘బాగుంది’ అంటేనే కొడతాను. అప్పటిదాకా అది అమ్మే సీటు కాదు.

ఇది మీ నాన్నకి చదివి వినిపించు తల్లీ. ఆదివారం బేరగాడు రాకముందే. మీ నానమ్మని కూడా కూర్చోబెట్టు. మీ అమ్మ వద్దంటుంది, ఆగకు. మీ నాన్న సగంలో అందుకుంటాడు. అందుకున్న ప్రతిసారీ చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ మొదటినుంచి చదువు. చివరిదాకా విన్నాకే ఏదైనా అనమను. ఆ ‘పెద్దాయన’ ఎవరని అడిగితే మాత్రం, మా తాతయ్యే అని చెప్పు."