ఎనిమిది ఇళ్ల సీలు

నేను ఒక రబ్బరు సీలుని. కాగితం మీద గుండ్రంగా పడతాను. తల మీద చెక్క పిడి, అడుగున 'హేమలత నిలయం ఫ్లాటు యజమానుల సంఘం, కాకినాడ' అన్న అక్షరాలు. ఆ అక్షరాలు నా ఒంటి మీద తిరగబడి ఉంటాయి. మెయిన్ రోడ్డులోని చిన్న బడ్డీలో నన్ను తయారు చేసినతను పాత పేపరు మీద ఒకసారి అద్ది చూశాడు. అన్నీ తిన్నగా పడ్డాయి. ఆ రోజు నుంచి నా మీద నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

మా బిల్డింగులో నాలుగు అంతస్తులు, ఎనిమిది ఇళ్లు. ఎవరి తలుపు వారిది, ఎవరి తాళం వారిది. కింద ఉన్న స్థలం మాత్రం ఎవరిదీ విడిగా కాదు. ఎనిమిది దస్తావేజుల్లోనూ 'విభజించని వాటా' అనే రాసి ఉంటుంది. మనుషులు ఆ మాట మీద సంతకం పెడతారు గానీ చదవరు.

నన్ను మొదట పట్టుకున్నది ఒక రిటైరైన హెడ్మాస్టరు గారు. 'మేడ మీద వడియాలు పెట్టినవారు కాకులను కూడా వారే తోలుకోవలెను' అన్న నోటీసు మీద కూడా నన్ను ఠపీమని గుద్దేవారు. తరువాత వచ్చిన కార్యదర్శి చెయ్యి మెత్తన. ఆవిడ కాలంలో నేను ఎప్పుడూ సగమే పడ్డాను. ఆవిడ తరువాత మొదటి అంతస్తు పేర్రాజు గారు. తాలూకాఫీసులో పని చేసి రిటైరైన మనిషి. నన్ను వాడే ముందు నోటి దగ్గర పెట్టుకుని 'హా' అని ఊదేవారు. పని అయ్యాక బీరువాలో పంచాంగం పక్కన పెట్టి తాళం వేసేవారు.

ఇక అసలు సంగతి. పై అంతస్తులో నూకరత్నం గారని ఒక నర్సు ఉన్నారు. ఇరవై ఆరేళ్లు ఊరూరా తిరిగి ఉద్యోగం చేసి, దాచుకున్నదంతా పెట్టి ఆ ఫ్లాటు కొనుక్కున్నారు. అది తప్ప ఆవిడకి ఇంకేమీ లేదు. ఆ ఇంటి శ్లాబు పాతబడింది. పెద్ద గాలివాన వస్తే నిలుస్తుందో లేదోనని ఆవిడ భయం. బిల్డింగు మొత్తానికి ఇన్సూరెన్స్ చేయిద్దామని రెండేళ్లుగా అడుగుతున్నారు. ఆవిడ ఒక్కరే చేయించుకుందామంటే ఆఫీసులో కుదరదన్నారట. శ్లాబు, స్తంభాలు, మెట్లు అందరివీ కాబట్టి పాలసీ సంఘం పేరునే ఉండాలి, ఎనిమిది మందీ సంతకం పెట్టాలి, కింద నేను పడాలి. ఆ మాట విన్నప్పుడు బీరువాలో నాకు కాస్త గర్వం వేసిన మాట నిజం.

కార్తీకమాసం చివరి ఆదివారం మెట్ల దగ్గర కుర్చీలు వేసుకుని మీటింగు పెట్టారు. రెండో అంతస్తు కామేశం గారు కాలు మీద కాలు వేసుకుని మొదలుపెట్టారు.

"వరదొస్తే మునిగేది కింద మస్తాన్ వలీ గారు. గాలొస్తే ఎగిరేది పైన ఈవిడ. మధ్యలో ఉన్నోణ్ణి, నాకెందుకండీ ఇదంతా?"

"అయితే మీ ఇల్లు గాల్లో నిలబడిందాండీ?" అన్నారు నూకరత్నం గారు. "కింద స్తంభాలు మస్తాన్ గారివి, పైన శ్లాబు నాది. మధ్యలో మీరు దేని మీద కూర్చున్నారో చెప్పండి మరి."

"కుర్చీ మీదండీ. అది కూడా నాదే, కావాలంటే ఇప్పుడే పట్టుకెళ్లిపోతాను," అన్నారు మస్తాన్ వలీ గారు.

అందరూ పగలబడి నవ్వారు. కామేశం గారు నవ్వలేదు గానీ కాలు దింపారు. మర్నాడు సోమవారం మధ్యాహ్నానికల్లా ఎనిమిదో సంతకం ఆయనే పెట్టారు. ఇక నేను ఆఫీసుకి వెళ్లి, అధికారి ఎదుట పడటమే మిగిలింది.

నూకరత్నం గారు సంతకాల కాగితం పట్టుకుని ఇంటికొస్తే, పేర్రాజు గారు బీరువాలోంచి నన్ను కాదు, పంచాంగం తీశారు.

"రేపు మంగళవారం. ఎల్లుండి అమావాస్య. గురువారం పదింటికి శుభ్రంగా ఉందమ్మా. అప్పుడు కదులుదాం."

నూకరత్నం గారు కాగితం ఆయన ముందు పెట్టారు. "బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని పొద్దుట్నించీ చెబుతున్నారు బాబాయ్ గారూ. ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే, తుపాను దాటేదాకా కొత్త పాలసీలు ఆపేస్తామని ఆఫీసులో ఖచ్చితంగా చెప్పారండి."

"ఎనిమిది కుటుంబాల పనమ్మా. మంగళవారం సీలు గడప దాటిస్తే రేపేదన్నా అయితే అందరూ నన్నే అంటారు."

ఆయన మొండి మనిషి కాదు. నిజంగానే భయపడ్డారు. నాకు కాళ్లు లేకపోవడం ఆ ఒక్క పూటే కష్టమనిపించింది.

అప్పుడు ఆయన భార్య సుభద్రమ్మ గారు వంటింట్లోంచి వచ్చారు. సోమవారం ఉపవాసం, గొంతు నీరసంగా ఉంది, మాట మాత్రం గట్టిగానే ఉంది.

"ఏవండీ, మా చెల్లెలి కూతురి పెళ్లికి మంగళవారం బయల్దేరాల్సొస్తే ఏం చేశారు? ముందురోజే నా చీర పక్కింట్లో పెట్టించి, పరప్రస్థానం అయిపోయింది, ప్రయాణం ఇవాళే మొదలైనట్టు లెక్క, ఇంక ఎప్పుడన్నా వెళ్లొచ్చన్నారు కదా. ఆ సీలు చీర కన్నా బరువా?"

పేర్రాజు గారు పంచాంగంలో ఆ రోజు మీద వేలు పెట్టారు. "ఇవాళ కార్తీక సోమవారం. దివ్యంగా ఉంది," అన్నారు. మరుక్షణం ఆయనే హడావిడి పడిపోయారు. నన్ను పసుపు గుడ్డలో చుట్టి, రెండు అక్షింతలు చల్లి, చీకటి పడకముందే పై అంతస్తుకి మోసుకెళ్లి నూకరత్నం గారి ఫ్రిజ్ మీద పెట్టారు.

ఎన్ని కాగితాల మీద పడ్డా ఆ పై అంతస్తు ఎప్పుడూ చూడలేదు నేను. పసుపు గుడ్డ సందులోంచి చూశాను. గది నడిమధ్య శ్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనబడుతున్నాయి, మంచం వాటి కింద లేకుండా గోడవారకి జరిపి ఉంది. ఆవిడ ఎందుకు అంత పట్టుబట్టారో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మంగళవారం పదకొండింటికి ఆఫీసులో, ఎనిమిది సంతకాల కింద, ఒక్క అక్షరం చెదరకుండా పడ్డాను. రసీదు చేతికి వచ్చింది. బుధవారం పొద్దున ఓడరేవులో సూచిక ఎగిరింది. కొత్త పాలసీలు ఆపేశామని ఆఫీసు తలుపుకి కాగితం అంటించారట. గురువారం, పేర్రాజు గారు శుభ్రంగా ఉందన్న పదింటికి, తుపాను తీరం దాటింది.

నూకరత్నం గారు అప్పటికి సుభద్రమ్మ గారింట్లో తలదాచుకుని ఉన్నారు. పైన పిట్టగోడ కూలింది. వాటర్ ట్యాంకు దిమ్మతో సహా ఒరిగి శ్లాబు మీద పడింది. శ్లాబు సగం ఆవిడ ఇంట్లోకి దిగిపోయింది.

వారం తరువాత నష్టం చూడటానికి ఇన్సూరెన్స్ వాళ్ల సర్వేయర్ వచ్చాడు. ఫోటోలు తీసుకుని, "ఇంతకీ ఈ కప్పు ఎవరిదండీ?" అని అడిగాడు.

నూకరత్నం గారు నోరు తెరవబోయారు. "మాదండీ," అన్నారు కామేశం గారు, లుంగీ ఎగ్గట్టి రాళ్ల మీదుగా ముందుకొచ్చి. "ఎనిమిది మందిమీ. రాసుకోండి."

ఆ కాగితం మీద కూడా నేనే పడ్డాను. మూడు నెలలకి కొత్త శ్లాబు పడింది.

తరువాత నా అంచు అరిగిపోయింది. ఇప్పుడు సంఘానికి కొత్త సీలు ఉంది, దానంతట అదే సిరా పూసుకునే రకం. కార్యదర్శి కూడా మారారు, నూకరత్నం గారే. నన్ను పారేయడానికి ఆవిడకి మనసొప్పక కిటికీ గూట్లో పెట్టుకున్నారు. కొత్త దాని మీద నాకు అసూయ లేదు. అది ఇంకా నోటీసులకే పనికొస్తోంది.

ఈ మధ్యాహ్నం వాన కుండపోతగా పడుతోంది. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి చీర మార్చుకున్నారు. ఇన్నేళ్లూ గోడకి ఆనించి ఉన్న మంచాన్ని రెండు చేతులా లాగి గది నడిమధ్యకి తెచ్చుకున్నారు. పైకి ఒకసారి చూశారు. పడుకున్నారు. నిద్ర పట్టేసింది.