ఆంజనేయులుకు నేర్పిన ఇంగ్లీషు

ఆంజనేయులు నా క్లాసు మెట్లెక్కి వచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. పదకొండేళ్లుగా నేను పళ్లు నూరుతున్న మనిషి, తన కాళ్లతో తానే నడిచొచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, "పాపా ఇంద్రాణీ, నాకు రోంత ఇంగ్లీషు నేర్పిస్తావా?" అని అడిగాడు. దొరికావురా అనుకున్నాను.

కళ్యాణదుర్గం బస్టాండు వెనక విత్తనాల అంగడి మీద గది తీసుకుని స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. ఆంజనేయులు పని బోరు పాయింట్లు చూడడం. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో నడుస్తాడు. అది నిటారుగా లేచిన చోట మడమతో గుర్తు పెట్టి, "ఈడ గంగమ్మ ఉండాది" అంటాడు. మా వైపు పద్ధతి అది. ఉండాది అనాలి, అంతే. నసిగేవాడి మాట మీద ఎవరూ రిగ్గు బండిని పిలవరు.

మా నాయన బయ్యన్న ఆ మాటే నమ్మాడు. ఒక్క ఎండాకాలంలో మా శెనక్కాయల చేలో మూడు బోర్లు వేయించాడు. మూడింట్లోనూ తెల్లటి దుమ్ము లేచింది. తర్వాత అప్పుల కింద భూమి పోయింది. ఏడెకరాల ఆసామి ఇప్పుడు బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర నీలం చొక్కా తొడుక్కుని, వచ్చే పోయే కార్లకు సెల్యూట్ కొడుతున్నాడు. నన్ను చూడడానికి వచ్చినా మా పల్లెలోకి మాత్రం రాడు. నా గదిలోనే పడుకుని తిరిగి బస్సెక్కుతాడు.

"ఈ వయసులో ఇంగ్లీషెందుకు మామా?" అన్నాను, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు.

"ఊరి బయట సోలార్ కంపెనీ వస్తాండాది గదా. పలకలు కడగను నీళ్లు కావాలంట. పాయింట్లు చూసేదానికి ఒక మనిషిని పెట్టుకుంటారంట. ఆ ఇంజనీరుకు తెలుగు రాదు. నా మాట నా నోటితోనే చెప్పాల."

రాత్రికే ఉపాయం తట్టింది. ఆంజనేయులు బలమంతా ఆ ఒక్క 'ఉండాది'లో ఉంది. దాన్ని పీకేస్తే చేతిలో మిగిలేది టెంకాయ.

మర్నాడు మొదలుపెట్టాను. "పెద్దమనుషుల ఇంగ్లీషులో నీళ్లున్నాయని తెగేసి చెప్పరు మామా, అది మొరటు. 'దేర్ మే బి వాటర్' అనాలి. ఉండచ్చు అని. 'మైట్' అన్నావంటే ఇంకా మర్యాద, నమ్మకం ఇంకొంచెం తక్కువ. 'కుడ్' అన్నా పర్వాలేదు. 'మైట్' పక్కన 'నాట్' చేరిస్తే, లేకపోవచ్చు అని." ఇందులో చాలా వరకు నిజమే. మొరటు అన్నది మాత్రం అబద్ధం. 'దేర్ ఈజ్' అన్న మాట ఆయన చెవిన పడకుండా నెల రోజులు కాపలా కాశాను.

పాపం, బుద్ధిగా నేర్చుకున్నాడు. నోటుబుక్కులో తెలుగక్షరాలతో రాసుకునేవాడు. బస్సు లేటుగా రావచ్చు, బస్ మైట్ కమ్ లేట్. ఇవాళ వాన పడచ్చు, ఇట్ మే రెయిన్ టుడే. వాన గురించి ఆ మాట అనడం మా అనంతపురంలో ఎవరికీ ఎవరూ నేర్పక్కర్లేదు. ఒకరోజు పెన్సిలు ఆపి, "ఈ మాట శానా బాగుండాది పాపా. మన కాడ దీన్ని ఎవురూ అననీరు" అన్నాడు. ఆ మాట విలువ ఇప్పుడు తెలిసిందా నీకు అని లోపల నవ్వుకున్నాను.

కంపెనీ రమ్మన్న రోజు తోడొస్తానని నేనూ వెళ్లాను. కళ్లారా చూడకపోతే పగ ఏం చల్లారుతుంది? ఎర్రటి బీడులో టెంకాయతో రెండుసార్లు అటూ ఇటూ నడిచి, ఒకచోట ఆగాడు. నీళ్లున్నాయా అని ఇంజనీరు ఇంగ్లీషులో అడిగాడు.

ఆంజనేయులు చొక్కా సర్దుకున్నాడు. "సర్, దేర్ మైట్ బి వాటర్. దేర్ మైట్ నాట్ బి."

"యెస్ ఆర్ నో?"

"మైట్ బి, సర్."

ఇంజనీరు పకపకా నవ్వాడు. తర్వాతి మనిషిని పిలిచాడు. రాప్తాడు నుంచి వచ్చినవాడు, నేల వైపు సరిగ్గా చూడనైనా లేదు. "హండ్రెడ్ పర్సెంట్ వాటర్ సర్!" అన్నాడు. ఉద్యోగం వాడికే ఇచ్చారు. నా కడుపు చల్లబడింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా అనుకుంటూ ఆయనతో పాటు ఆటో ఎక్కాను.

దారిలో నా నోరు ఊరుకోలేదు. "యెస్ అనేసుంటే సరిపోయేది గదా మామా?"

"అనుండచ్చు. కానీ నాకు నిజంగా తెలీలే పాపా. కింద అంతా బండే ఉన్నట్టుండె." ఒళ్లోని టెంకాయను నిమిరాడు. "ఈ మాట ఇంతకు ముందు ఒక్కసారే అన్నా. మీ చేన్లో, మూడో బోరుకు. ఆపొద్దు మీ నాయన నా మీదికి ఎగిరినాడు, ఈపొద్దు ఈయన నవ్వినాడు. ఈసారి నాకు బాధ లేదులే. పెద్దమనుషులు ఇట్లే అంటారని నువ్వు చెప్పినాక ధైర్యమొచ్చె."

కథలు చెబుతున్నాడనుకున్నాను. బస్టాండులో దిగగానే పక్కకు పోయి నాయనకు ఫోన్ చేశాను. మూడో బోరుకు ఆంజనేయులు ఏమన్నాడని సూటిగా అడిగాను.

"ఉండచ్చు, లేకపోవచ్చు, ఇంక ఆపెయ్ బయ్యన్నా అన్నాడు. నలుగురి ముందర చొక్కా పట్టుకున్నా. ఉండాదని చెప్పేదాకా వదల్నంటి. చెప్పినాడు."

"ఇన్నేండ్లూ నాకెందుకు చెప్పలే నాయనా?"

"నువ్వు ఆయప్పను తిడ్తా ఉంటివి. నన్ను తిట్టకుండా ఉండావు గదా అని ఊరుకుంటి."

అవతల కారు హారన్ మోగింది. గేటు తీయాలని ఫోన్ పెట్టేశాడు.

పదకొండేళ్ల కోపం నా చేతిలోనే ఉంది. ఎవరి మీద విసరాలో తెలియలేదు. నా మీదే తప్ప. ఆంజనేయులు రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చి ఒకటి నాకిచ్చాడు.

"రేపు క్లాసుండాదా పాపా?"

"ఉండాది మామా" అన్నాను, ఆయన ముఖం చూడలేక. పెద్దమనుషుల ఇంగ్లీషు గురించి చెప్పిన అబద్ధం రేపు ముందుగా ఒప్పుకోవాలి.