వెనక టైర్లు తమ్ముడివి

ఎర్రిస్వామికి తమ్ముడి మీద కోపం పొలం గట్టు దగ్గర మొదలై, బోరు దగ్గర పెరిగి, చివరికి కారు టైర్ల దాకా వచ్చింది.

నాయన చనిపోయిన ఏడాదే అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారు. ఇంటి మధ్యలో గోడ లేచింది. బోరు పొద్దున ఒకరికి, సాయంత్రం ఒకరికి. దొడ్లో చింతచెట్టుకు కూడా కొమ్మల వారీగా వాటాలు పడ్డాయి. ఇరవై ఏళ్ళనాటి తెల్లకారు దగ్గర మాత్రం పంపకం ఆగిపోయింది. నాయన ముచ్చటపడి కొన్న బండి, అమ్మడానికి ఇద్దరికీ మనసు రాలేదు. ఒకరికి వదిలేద్దామంటే రెండోవాడు చచ్చినా ఒప్పుకోడు. పొద్దుగూకే దాకా పంచాయితీ చేసి విసిగిపోయిన ఊరిపెద్ద ముత్యాలప్ప, "ముందర బాగం పెద్దోనిది, ఎనక బాగం చిన్నోనిది. ఎవుని బాగం వాడు బాగుచేసుకోండి. ఇంగ నన్ను పిలవాకండి" అని పైగుడ్డ దులుపుకొని లేచిపోయాడు. ఆయన విసుగులో అన్నమాట అది. వీళ్ళు దాన్ని కాగితం మీద రాయించి సంతకాలు పెట్టుకున్నారు. శింగనమల చుట్టుపక్కల ఇంతటి తెలివైనవాళ్ళు మళ్ళీ పుట్టలేదు.

అలా ఇంజను, స్టీరింగు, ముందు టైర్లు ఎర్రిస్వామివి అయ్యాయి. వెనక సీటు, డిక్కీ, వెనక టైర్లు తమ్ముడు రామాంజివి. మంగళవారం, శుక్రవారం కారు అన్నకు, మిగతా రోజులు తమ్ముడికి. ఇంజను చెడిపోయిన రోజు రామాంజి ఇంకో ముద్ద ఎక్కువ తింటాడని ఊళ్ళో చెప్పుకుంటారు.

మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. చెప్పక తప్పని సంగతి ఉంటే గోడకు ఇవతల నిలబడి కోడికో మేకకో చెప్పినట్టు గట్టిగా చెప్తారు. అవతలివాడు తన మేకతో జవాబు చెప్తాడు. ఆ రెండిళ్ళ కోళ్ళూ మేకలూ తిన్న తిట్లు ఇంకే ఊళ్ళో పశువులూ తిని ఉండవు.

మంగళ, శుక్రవారాలు ఎర్రిస్వామి ఊరికే అడిగి తీసుకున్నవి కావు. ఆ రెండు రోజులూ అతని భార్య కదిరమ్మకు అనంతపురంలో డయాలసిస్. కిడ్నీలు రెండూ పోయాయి. పోయేటప్పుడు ఎలాగో కూర్చుంటుంది గానీ, వచ్చేటప్పుడు ఒంట్లో సత్తువంతా పీల్చేసినట్టయి, వెనక సీట్లో కాళ్ళు ముడుచుకొని పడుకుంటుంది.

పోయిన శుక్రవారం చెరువు మలుపులో, నాలుగు చినుకులకే బండి జారింది. ముందు టైర్లు అరిగిపోయాయని ఎర్రిస్వామికి భయం పుట్టింది. అందుకే ఈ శుక్రవారం ఆస్పత్రి టైముకు రెండు గంటలు ముందే బయల్దేరి, అనంతపురంలో ఖాజా హుస్సేన్ టైర్ల అంగడి ముందు కారు ఆపాడు. అన్నదమ్ముల నాయన కాలం నుంచీ ఆ కారును ఎరిగినవాడు ఖాజా హుస్సేన్.

"పోయిన శుక్రవారం బండి జారింది. ముందరికి రెండు కొత్తవి కావాలన్నా. లావుగా, గీతలు లోతుగా ఉండాల. చూసి మావాడు కుళ్ళిపోవాల" అన్నాడు ఎర్రిస్వామి.

"టైరు చూసి మనుషులు కుళ్ళేది యాడన్నా ఉందాప్పా?" అని ఖాజా హుస్సేన్ రెండు రకాలు తెచ్చి ముందర పెట్టాడు. ఒకటి గడ్డలు గడ్డలుగా మోటుగా ఉంది. రెండోది సన్నటి గీతలతో నున్నగా ఉంది. ఎర్రిస్వామి చెయ్యి మోటుదాని మీదికే పోయింది.

"అది మట్టిలో పోయే బండ్లకు. నువ్వు పోయేది తార్రోడ్డు మీద. అది ఏస్తే మోత ఎక్కువ, తడి రోడ్డులో పట్టు తక్కువ. పెద్దగా కనపడేదంతా గట్టిది కాదు, ఇది తీసుకో."

సరే, ముఖం ముడుచుకొని నున్నదానికి ఒప్పుకున్నాడు. ఖాజా హుస్సేన్ కారు చుట్టూ తిరిగి, నాలుగు టైర్ల దగ్గరా గొంతుక్కూర్చొని బొటనవేలుతో తడిమాడు. వెనక టైరు దగ్గర ఆగిపోయాడు.

"ముందరివి సగం అరిగినాయి, అంతే. ఇంగో ఆర్నెల్లు డోకా లేదు. ఆపొద్దు జారింది ఎనకవి. చంపేటివి కూడా ఇవే" అన్నాడు.

"అవి మావాడు తాడిపత్రిలో తెచ్చినాడు. గీతలు చూడు, కొత్తవాటి మాదిరి ఉండాయి."

"గీతలు కాదప్పా, వయసు చూడాల." ఖాజా హుస్సేన్ టైరు పక్కన అచ్చుపోసిన నాలుగు అంకెలు చూపించాడు. 1814. "పద్దెనిమిదో వారం, రెండువేల పద్నాలుగు. పదకొండేండ్లు. ఎవురో బండి ఎండలో నిలబెట్టేసి, దాని టైర్లు ఊడదీసి అమ్మినారు. తిరగకుండానే ముసిలివైపోయినాయి. రబ్బరు రాయి అయిపోయింది, ఇంగ పట్టు యాడ ఉంటాది?" టైరు పక్కభాగాన్ని వేళ్ళతో నొక్కితే, ఎండాకాలం చెరువులో మన్నులాగా సన్నటి బీటలు నోళ్ళు తెరిచాయి.

ఎర్రిస్వామికి మూడేళ్ళలో ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. తమ్ముణ్ణి ఎవడో నిలువునా ముంచాడు! పకపకా నవ్వాడు. "బాగా కావాల నా కొడుక్కి" అన్నాడు. వెనక సీట్లో కిటికీ దించుకొని కూర్చున్న కదిరమ్మ ఆ నవ్వు విని మొగుడి వైపు చూసింది.

"నవ్వింది చాలు. కొత్తవి రెండూ ఎనక ఏస్తాండా. నీ ముందరివి ఉన్నచోటే ఉండనీ" అన్నాడు ఖాజా హుస్సేన్.

నవ్వు టక్కున ఆగింది. "ఎనక ఎందుకు? ముందర ఏయి."

"ముందర టైరు పేలితే స్టీరింగు నీ చేతిలో ఉంటాది, ఎట్లనో ఒగట్ల ఆపుకుంటావు. ఎనకది పేలితే బండి బొంగరం తిరిగినట్టు తిరుగుతాది. నీ చేతిలో ఏమీ ఉండదు. మంచివి ఎప్పుడూ ఎనకే ఉండాల."

"ఎనక బాగం వానిది! నా దుడ్లు పెట్టి వానికి కొత్త టైర్లు ఏయల్నా? ఊళ్ళో తల ఎత్తుకొని తిరగల్నా వద్దా? నువ్వు ముందరే ఏయి."

"నేను ఏయను. ఇంగో అంగడికి పో."

"పోతా. అనంతపురంలో నీదొగటే అంగడా?"

కారు తలుపు తెరుచుకుంది. కదిరమ్మ కొంగు చుట్టిన ఎడమచెయ్యిని పొట్టకు ఆనించుకొని దిగింది. ఆ చేతికే సూదులు గుచ్చుతారు, ఆ చెయ్యి దేనికీ తగలకూడదు. మొగుడి దగ్గరికి రాలేదు, తలుపు పట్టుకొని అక్కడే నిలబడింది.

"నేను కూర్చునేది యాడ?" అంది.

ఎర్రిస్వామి ఖాజా హుస్సేన్ వైపు చూశాడు.

"మూడేండ్లుగా వారానికి రెండుమార్లు ఎనక సీట్లో పీనుగు మాదిరి పడుకొని వస్తాండా. నీ తమ్ముని బాగంలో. నీ బాగంలో నన్ను ఎప్పుడు కూర్చోబెట్టినావు?"

అంగడిలో ఉన్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఎర్రిస్వామికి చెంపమీద కొట్టినట్టయింది. సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గుకు ఇంకా కోపం వచ్చింది. "ఎనకే ఏయన్నా" అన్నాడు నేలకేసి చూస్తూ.

కొత్త టైర్లు వెనక ఎక్కాయి. పాతవాటిని కోసి పారేస్తానని ఖాజా హుస్సేన్ కత్తి తీశాడు. ఎర్రిస్వామి అడ్డం పడ్డాడు. "అవి నావి కాదు, కాగితంలో వానివి. పోతే నా మీద పంచాయితీ పెడతాడు."

"అట్లయితే ఆ నెంబరు చూపించి, సంగతి చెప్పి ఇయ్యి. మళ్ళీ ఏ బండికీ ఎక్కకూడదవి."

"చెప్తాలే" అన్నాడు ఎర్రిస్వామి.

చెప్పాలనే అనుకున్నాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు. కదిరమ్మను లోపల పడుకోబెట్టి, పాత టైర్లు దించి, గోడ అవతలికి పోయేసరికి రామాంజి గుమ్మంలో కూర్చొని బీడీ కాలుస్తూ కొత్త టైర్లకేసి చూస్తున్నాడు. ఆ చూపులో ఎర్రిస్వామికి ఎగతాళి కనపడింది. అంతే. రెండు టైర్లూ ఎత్తి తమ్ముడి గుమ్మం ముందు విసిరేశాడు. ఒకటి దొర్లుకుంటూ పోయి నీళ్ళబానను పగలగొట్టింది.

"ఏమే కోడీ, ఎవుని చెత్త వాని ఇంటికి చేరింది చూడు" అని తన కోడితో చెప్పి లోపలికి పోయాడు. పద్దెనిమిది పద్నాలుగు సంగతి కోడికి కూడా చెప్పలేదు.

మంగళవారం పొద్దున తలుపు తీస్తే, కొత్త టైర్లు రెండూ ఎర్రిస్వామి గోడకు ఆనించి ఉన్నాయి. కారు వీధిలో నిలబడి ఉంది, వెనక పాత టైర్లతోనే. రామాంజి శింగనమలకు పోయి, చేతి దుడ్లు పెట్టి మరీ మార్పించుకొని వచ్చాడు. గోడ అవతల నుంచి గొంతు వినబడింది. "ఏమే మేకా! ఎవురో జాలిపడి పడేసిన ముష్టి మనకొద్దు. మన బాగానికి మన టైర్లు లేవా?"

"ఏమే కోడీ! మంచికి పోతే..." అని ఎర్రిస్వామి మొదలుపెట్టాడు.

కదిరమ్మ ఆస్పత్రి సంచి పట్టుకొని బయటికి వచ్చింది. గోడకున్న టైర్లు చూసింది. కారు వెనక్కు పోయి వంగి, అక్కడున్నవి చూసింది. ఒక్క మాట అనకుండా కారు దాటి రోడ్డు వైపు నడిచింది.

"యాడికి? ఎక్కు, కారు తీస్తా!"

"బస్సుకు పోతాండా."

"నీకేమన్నా మతి ఉండాదా? వచ్చేటప్పుడు నిలబడ్ను కూడా లేవు!"

ఆమె వెనక్కి తిరిగింది. రామాంజి కూడా గోడ పక్కకు వచ్చి నిలబడ్డాడు. అతను ఆరేళ్ళవాడుగా ఉన్నప్పుడు ఈ ఇంటికి కోడలుగా వచ్చి, అతనికి నీళ్ళు పోసి బడికి పంపింది ఆమె.

"బస్సుకు ఆరు టైర్లు. ఒగదానికీ బాగం లేదు" అంది కదిరమ్మ.

బస్సు కిక్కిరిసి వచ్చింది. ఉచిత టికెట్టుకు చూపించే ఆధార్ కార్డు పళ్ళ మధ్య పట్టుకొని, ఎడమచెయ్యి ఎవరికీ తగలకుండా పైకెత్తుకొని ఎక్కింది. మెట్టు మీదే నిలబడిపోయింది, లోపలికి పోవడానికి చోటు లేదు.

బస్సు మలుపు తిరిగే దాకా అన్నదమ్ములిద్దరూ చూస్తూ నిలబడ్డారు.

"నీ వల్లనే!" అన్నాడు రామాంజి.

మూడేళ్ళ తరువాత తమ్ముడు అన్నతో నేరుగా అన్న మొదటి మాట అది.

"నా వల్లనా? అవి పదకొండేండ్ల టైర్లు రా గాడిదా! నెంబరు చూడు, పద్దెనిమిది పద్నాలుగు! పేలితే బండి బొంగరం మాదిరి తిరుగుతాదని ఖాజా అన్న చెప్పినాడు. అందుకే ఎనక కొత్తవి ఏయించినా!"

రామాంజి వంగాడు. వేలితో అంకెలు తడిమాడు. బీటలో గోరు పెడితే గోరంతా దిగింది. లేచి నిలబడేసరికి అతని ముఖం నల్లబడిపోయింది.

"నిన్న నా పిల్లోళ్ళను ఇవే టైర్ల మీద తీసకపోయినా" అన్నాడు. "నీకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. కోడికి చెప్పినావు, టైరు ఇసిరినావు, బాన పగలగొట్టినావు. ఈ ఒగ్గ మాటకు నోరు పడిపోయిందా?"

ఆ పిల్లల సంగతి ఎర్రిస్వామికి తట్టనే లేదు. తమ్ముడి టైర్లు, తమ్ముడి భాగం, తమ్ముడి నష్టం, ఇంతవరకే అతని లెక్క.

ఇద్దరూ కొత్త టైర్లు కారు పైకెక్కించి, పాతవాటి మీదనే మెల్లగా శింగనమలకు పోయారు. అక్కడ వాటిని వెనక వేయించి, పాతవాటిని అక్కడికక్కడే కోయించారు. ఈ పని జరిగినంతసేపూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అయ్యాక రామాంజి, "పోయి వదినెను తీసకరా. నీ ముఖం చూడ్ను నాకు ఇష్టం లేదు" అని నడుచుకుంటూ పోయాడు.

ఎర్రిస్వామి అనంతపురం చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆస్పత్రిలో ఆమె లేదు, అయిపోయి వెళ్ళిపోయిందన్నారు. బస్టాండుకు పరిగెత్తాడు. కదిరమ్మ సిమెంటు బల్ల మీద, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకొని ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"లేయి, పోదాం. కొత్తవి ఎనకే బిగించినాం. పాతవి కోసి పారేసినాం. కావాలంటే చూడు."

ఆమె మెల్లగా లేచింది. ఎర్రిస్వామి ప్రాణం కుదుటపడింది. గోడ పట్టుకొని, స్తంభం పట్టుకొని, బయట ఉన్న కారు దాకా నడిచింది. వంగి వెనక టైరు మీద అరచెయ్యి వేసి చూసింది. తరువాత రెండో వైపుకు పోయి దాన్నీ చూసింది. ఎర్రిస్వామి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. సీటు మీద దుప్పటి కూడా పరిచాడు.

"ఎవురు బిగించినారు?" అంది.

"ఇద్దరం."

"మాట్లాడుకున్యారా?"

ఎర్రిస్వామి తెరిచిన తలుపు వైపు చూశాడు. "తిట్టుకున్యాం" అన్నాడు.

కదిరమ్మ తల ఊపింది. "ఈపొద్దు బిగించినారు. మళ్ళీ శుక్రవారానికి ఎవురు ఊడదీస్తారో నాకు తెలీదు. వారానికి రెండుసార్లు వంగి టైర్లు చూసుకునే ఓపిక నాకు లేదు" అంది.

శింగనమల బస్సు వచ్చి ఆగింది. ఆమె అతని చెయ్యి తప్పించుకొని, సంచి భుజానికి వేసుకొని ఎక్కింది. ఎవరో ఆడమనిషి లేచి సీటు ఇచ్చింది. కిటికీ పక్కన కూర్చొని కళ్ళు మూసుకుంది, అతని వైపు చూడలేదు.

ఎర్రిస్వామి తలుపు వేసి కారు తీశాడు. బస్సు ఆగిన ప్రతి చోటా ఆగుతూ, కదిలినప్పుడు కదులుతూ, దుప్పటి పరిచిన ఖాళీ సీటుతో ఊరి దాకా బస్సు వెనకే వచ్చాడు. టైర్లు చాలా బాగా నడిచాయి.