ఎడమ అంచు

సుష్మ పట్టు కండెలు చుడుతుంటే పక్కన కూర్చుని కూతురు వర్ష ఇంగ్లీషు హోంవర్క్ చదివి వినిపిస్తోంది. ఒకేలా అనిపించే మాటలకు తేడా తెలిసేలా వాక్యాలు రాయమన్నారట.

“వర్క్: మా నాయిన మగ్గం మీద పని చేస్తడు. హెల్ప్: మా అమ్మ మా నాయినకు సాయం చేస్తది. టీచర్ రైట్ కొట్టిందమ్మా!”

సుష్మ చేతిలో పోగు తెగింది. ముడి వేసుకుంది గానీ మనసు మాత్రం కుదురుకోలేదు. పదకొండేళ్లుగా మగ్గం గుంటలో మొగుడు సాయినాథ్‌కు ఎడమ పక్కన కూర్చుంటోంది. పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెలలో నడిమి నూలుది అతనిది, ఎడమ అంచు పట్టుది ఆమెది. అతని పోగు వచ్చిన ప్రతిసారీ తన పోగుతో మెలిక వేయాలి, లేకుంటే అంచు చీరను పట్టుకోదు. నడుం నొస్తోందంటే, “కూసుండి చేసే పనికి నొప్పేంది?” అని అతను నవ్వుతాడు. “నేసేది మొగోడు, ఆడది జర అందుకుంటది” అంటుంది అత్త పార్వతమ్మ. ఏం చేస్తున్నవని ఫోన్‌లో స్నేహితురాలు అడిగితే తను మాత్రం ఏమంది? “ఏం లేదే, ఇంట్లనే ఉంట” అనలేదూ? మొన్న పక్కింటి పెళ్లిలో పూరీలు ఒత్తి, “ఇగ పోతనక్కా” అంటే సంతోషంగా పొమ్మన్నారు. అది సాయం. జ్వరమొచ్చిన రోజున కూడా ఈ గుంటలోంచి ఎవరు లేవనిచ్చారు?

మధ్యాహ్నం మగ్గాల సర్వే సారు వచ్చాడు. నేతగాళ్ల వరుసలో పేరుంటేనే సర్కారు నేత కార్డు వస్తుంది. తన పేరు కూడా రాయించమని సుష్మ మొన్ననే మొగుడికి చెప్పింది.

“నేసేది నేనే సార్” అన్నాడు సాయినాథ్. “మరి ఆమె?” “ఆమెదేముంది సార్, జర హెల్ప్ చేస్తది. ఇంట్ల రెండు కార్డులెందుకు?”

సారు అట్లాగే రాసుకుని, నేస్తున్నప్పుడు ఫొటో కావాలని ఫోన్ ఎత్తాడు. ఇద్దరూ గుంటలో కూర్చున్నాక సాయినాథ్ నాడె విసిరాడు. అది ఎడమ పక్కకు వచ్చి ఆగింది. సుష్మ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

“ఏందే, కానియ్యి!”

“ఏమైందమ్మా?” అన్నాడు సారు.

వర్ష గుమ్మంలో నిలబడి చూస్తోంది. సుష్మ తన నాడెను మెల్లగా ఒళ్లోకి తీసుకుంది.

“నాది సాయమే గద సార్. ఇయ్యాల చెయ్యబుద్ధి అయితలేదు.”