మార్చి గడ్డ మీద ఆర్విడ్ తాత

ఆ ఏడు మిన్నెసోటాలో చలి ఎంత గట్టిగా పట్టిందంటే, కెటిల్ చెరువు మీద మంచుగడ్డకు కన్నం పెట్టడానికి సోమవారం పొద్దున్నే కూర్చున్నవాడికి ఆదివారం చర్చి గంట కొట్టేవేళకు గానీ నీటిచుక్క కనబడలేదు. ఆ గడ్డ మీద కలప లారీలు తిరిగాయి. చేపలు పట్టుకునేవాళ్ళ చెక్క గుడిసెలు మూడువందలు వెలిశాయి. ఊళ్ళో కంటే చెరువు మీదే జనం ఎక్కువైపోయి, పోస్టుమాన్ ఉత్తరాలు నేరుగా అక్కడికే పట్టుకొచ్చేవాడు.

కానీ మార్చి వచ్చిందంటే ఆ గడ్డని నమ్మడానికి లేదు. పైకి తెల్లగా, బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. లోపల మాత్రం కొవ్వొత్తులు కట్టకట్టి నిలబెట్టినట్టు పుల్లలు పుల్లలుగా విడిపోయి ఉంటుంది. అందుకే మూడో సోమవారం లోపల గుడిసెలన్నీ ఒడ్డుకు లాగెయ్యాలని సర్కారు రూలు. అందరూ లాగేశారు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాంట్లో మారిట్ వాళ్ళ తాత ఆర్విడ్ కూర్చుని ఉన్నాడు.

ఆ సంగతి మారిట్‌కి తెలీదు. కాన్సాస్‌లో కాలేజీ చదువుతున్న ఆ పిల్ల, వసంతం సెలవులకి పాత కారులో బట్టల సంచీ పడేసుకుని ఉత్తరానికి బయలుదేరింది. దారిలో డెమాయిన్‌లో చిన్ననాటి స్నేహితురాలు టెస్సా ఇంట్లో దిగింది. అక్కణ్ణుంచే బుధవారం తాతకి ఫోన్ చేసింది.

"తాతా, రేపు వచ్చెయ్యనా?"

"ఎందుకే అంత దూరం? నాకోసమని పరిగెత్తుకు రాకు. గుడిసె ఒకటి లాగాల్సి ఉందిలే. అయినా అదేమంత పని, నేనొక్కణ్ణే చూసుకుంటా. నువ్వు నీ స్నేహితులతో సరదాగా ఉండు."

సరేనంది మారిట్. టెస్సాతో మూడు రోజులు బౌలింగ్ ఆడింది, పిజ్జాలు తింది, చేతికి నాలుగు రంగుల గోళ్ళు పెట్టించుకుంది. శనివారం మధ్యాహ్నానికి జోలీన్ మేనత్త ఇంటికి చేరింది. బంగాళాదుంపలూ మాంసం ముక్కలూ వేసి ఓవెన్‌లో కాల్చిన హాట్‌డిష్ అప్పుడే బల్ల మీదకొచ్చింది. గిన్నె ఎంత ఉందంటే, అందులో ఒక దూడకి స్నానం చేయించొచ్చు.

"మా నాన్న గుడిసె లాగడానికి నువ్వు వెళ్ళలేదూ?" అంది అత్త, గరిటె పట్టుకుని.

"తాత రావద్దన్నాడత్తా."

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒకసారి."

అత్త గరిటె గిన్నెలో పడిపోయింది. "ఒక్కసారా! దక్షిణాన కాన్సాస్‌లో మూడేళ్ళుండి బుద్ధి మర్చిపోయావే? ఈ ఇంట్లో ఎవరైనా మొదటిసారి అడిగినప్పుడు కాఫీ అయినా ఒప్పుకున్నారా? మూడోసారి అడిగితే గానీ ఆయన నోట్లోంచి అసలు మాట రాదు. గుడిసె సంగతి నీతో ఎత్తాడంటే, రమ్మని బతిమాలినట్టే లెక్క!"

తాత గొంతు మారిట్ చెవిలో మళ్ళీ వినబడింది. 'గుడిసె ఒకటి లాగాల్సి ఉందిలే.' ఆ 'లే' దగ్గర ఆయన కాసేపు ఆగాడు. ఆ కాసేపు తను టెస్సా కుక్కతో ఆడుతోంది.

"నిన్నట్నుంచి ఫోన్ ఎత్తడంలేదు. నువ్వు అక్కడే ఉన్నావనుకుని నేను ఊరుకున్నా" అంది అత్త. ఈసారి గొంతులో తిట్టు లేదు.

మారిట్ ముద్ద ముట్టలేదు. కారెక్కింది. నాలుగు గంటల దారి. రోడ్డు పక్క మంచు కరిగి కాలవలు కడుతోంది. ఎప్పుడూ గడ్డం దాకా కోటు బిగించుకునే జనం పొట్టి లాగులేసుకుని వాకిళ్ళలో మాంసం కాల్చుకుంటున్నారు. దక్షిణపు గాలి వెచ్చగా, కారుతో పోటీపడి ఉత్తరానికి పరిగెడుతోంది. వేరే ఏ రోజైనా ఆ గాలికి అద్దం దించి పాట పాడేది. ఆ రోజు ఒక్కొక్క మైలూ పళ్ళు బిగించుకుని దాటింది.

చెరువు ఒడ్డున ఎర దుకాణం నడిపేది లేసీ. మారిట్‌తో పన్నెండేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుంది. ఇంజను లేని ట్రాక్టరునైనా ఒంటిచేత్తో ఇంటికి లాక్కెళ్ళగల మనిషి. ఆవిడ ఒడ్డున దూరదర్శిని పట్టుకుని నిలబడి ఉంది.

"వచ్చావా మహాతల్లీ! గోళ్ళు బాగున్నాయి."

"తాత ఎక్కడే?"

లేసీ చెయ్యి చూపించింది. అర కిలోమీటరు లోపల, తెల్లటి గడ్డ మీద ఒక ఆకుపచ్చ గుడిసె ఒంటరిగా, ఒక పక్కకి ఒరిగి ఉంది. పొయ్యి గొట్టంలోంచి సన్నగా పొగ వస్తోంది.

"గురువారం సాయం వస్తానన్నా, వద్దన్నాడు. మళ్ళీ అడిగా, వద్దన్నాడు. మూడోసారి కూడా వద్దన్నాడే! ఇంకేం చెయ్యను? ఇందాక మైకులో అరిచా. తలుపులోంచి చెయ్యి ఊపాడు, అంతా బాగానే ఉందన్నట్టు. కానీ లేచి నిలబడలేదు. నాకు అక్కడే అనుమానమొచ్చింది. షెరీఫ్ పోలీసులకి ఫోన్ చేశా. అవతల చెరువులో ఎవరి ట్రక్కో మునిగిందట, వాళ్ళు రావడానికి రెండు గంటలు."

"రెండు గంటలు ఆగుతుందా గడ్డ?"

లేసీ ఒడ్డు అంచు చూపించింది. ఒడ్డుకీ గడ్డకీ మధ్య నల్లటి నీళ్ళు. "మధ్యాహ్నం ఒక్క గెంతులో దాటేదాన్ని. ఇప్పుడు పది అడుగులు. గాలి ఇలాగే ఉంటే చీకటి పడేసరికి ఆ గుడిసె, మీ తాత, పొయ్యి, అన్నీ కలిసి ప్రయాణం కడతాయి."

ఇద్దరిలో మారిట్ తేలిక. అందుకని ఎవరు వెళ్ళాలా అని వాదించుకోలేదు. లేసీ దుకాణం వెనక నుంచి చదునైన రేకు పడవ లాక్కొచ్చింది, మారిట్ బూట్లకి ముళ్ళ పట్టాలు కట్టింది, చేతిలో గునపం పెట్టింది. మెడలో రెండు మేకుల దండ వేసింది. నీళ్ళలో పడితే గడ్డలోకి ఆ మేకులు దించి పైకి పాకాలి.

"ఒక కాలు పడవలో, ఒక కాలు గడ్డ మీద. అడుగు వేసే ముందు గునపంతో పొడువు. ఒక్క పోటుకే దిగిపోయిందా, అటు వెళ్ళకు. గడ్డ విరిగిందా, పడవలోకి పడు, నీళ్ళలోకి కాదు. పడవకి కట్టిన మోకు చివరిదాకా వదులుతా. ఆ తర్వాత నువ్వే."

మోకు వంద అడుగుల దగ్గర అయిపోయింది. మారిట్ ముడి విప్పేసింది.

ఆ తర్వాత మారిట్‌కి లోకంలో రెండే చప్పుళ్ళు. గునపం ఠక్కుమనడం, తన ఊపిరి. ఒక్కోసారి కిందనుంచి ఇంకోటి. గడ్డ లోపల ఎక్కడో దూరంగా ఎవరో పెద్ద తలుపు మూసినట్టు ధభీమని మోగేది. ఆ మోత కాళ్ళ కింద నుంచి పాకి వెన్నులోకి ఎక్కేది. ఒకచోట గునపం ఒక్క పోటుకి పిడి దాకా దిగిపోయింది. చుట్టూ తిరిగి వెళ్ళింది. అర కిలోమీటరుకి ముప్పావుగంట పట్టింది.

గుడిసె తలుపు తెరిస్తే, తాత బోర్లించిన బకెట్ మీద కూర్చుని కన్నంలోకి గాలం వేసి ఉన్నాడు. ఎడమ కాలు బారచాపి ఉంది. బూటు పైన ప్యాంటు బిగిసి పగిలిపోయేట్టుంది.

"ఓహో, మారిట్టా" అన్నాడు, పక్క వీధి నుంచి వచ్చినట్టు. "దారి ఎలా ఉంది?"

"దారి సంగతి తర్వాత. కాలికేమయింది?"

"ఏం లేదు. నిన్న గుడిసె ఎత్తుతుంటే జాకీ జారి అది కాలి మీద కాస్త ఆనింది. అంత చెడ్డగా ఏం లేదు."

"ఫోన్?"

తాత గడ్డంతో కన్నం చూపించాడు. "చేపలకి పనికొస్తుంది."

"పడవ తెచ్చా. ఎక్కు, వెళ్దాం."

"ఎందుకే నీకు శ్రమ. షెరీఫ్ వాళ్ళు ఎలాగూ వస్తారు. కాఫీ తాగుతావా?"

"తాతా, ఎక్కు. లేసీ మోకు పట్టుకుని ఉంది."

"లేసీకి దుకాణం ఉందిగా, పాపం. నన్ను చూసుకోడానికి నేనున్నా."

గడ్డ ధభీమంది. గుడిసె నేల ఒక వేలెడు కిందికి దిగింది. కన్నంలో నీళ్ళు పొంగి తాత బకెట్ చుట్టూ పరుచుకున్నాయి. మారిట్ లెక్క తప్పలేదు. ఇప్పుడు మూడోసారి. అత్త చెప్పిన మూడోసారి.

"తాతా. నీ కాళ్ళకి దండం పెడతా. నాతో రా."

ఆర్విడ్ గాలం కేసి చూశాడు. దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "వద్దంటే వద్దే. ఈ కాలితో నీకు బరువు తప్ప ఇంకెందుకు? నీ ఒక్కదాని బరువైతే గడ్డ ఆగుతుంది. నాతో కలిపితే ఆగదు. వచ్చిన దారినే వెళ్ళిపో."

అదీ అసలు మాట. మర్యాదా కాదు, మొహమాటమూ కాదు. డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలాయన తన బరువు తూచుకుని, తీసేసి పక్కన పెట్టాడు.

మారిట్ తలుపు బయటికి చూసింది. చూసి కొయ్యబారిపోయింది. తను వచ్చిన దారి లేదు. బూటు ముళ్ళ గుర్తులు ఇరవై అడుగులు కనబడుతున్నాయి. ఆ తర్వాత నల్లటి నీటి చీలిక, పాములా మెలికలు తిరిగి రెండు వైపులా పోతోంది. ఏడుపు తన్నుకొచ్చింది. అది నాటకమేమీ కాదు.

"తాతా... నేను వెళ్ళలేను. దారి విరిగిపోయింది. ఇటు నడవాలో అటు నడవాలో నాకు తెలీదు. నాకు భయమేస్తోంది తాతా. నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళు."

ఆర్విడ్ చప్పున తలెత్తాడు. గాలం వదిలేశాడు. అది జర్రున కన్నంలోకి జారిపోయినా చూడలేదు.

"ఎక్కడ విరిగింది? చూపించు. ఏడవకు, నేనున్నాగా! ఆ పడవ ఇలా తిప్పు. నీ భుజం ఇటివ్వు."

ఒంటికాలి మీద గెంతి పడవలో పడ్డాడు. పడ్డప్పుడు పెదవి కొరుక్కున్నాడు, రక్తం వచ్చింది. అయినా చెయ్యెత్తి ముందుకి చూపించడం మొదలుపెట్టాడు.

"ఆ బూడిదరంగుది తొక్కకు. అది గడ్డ కాదు, తడిసిన బిస్కెట్టు. ఎడమకి. ఆ తెల్ల గీత చూశావా? జనవరిలో ట్రక్కులు తిరిగిన బాట. తొక్కి తొక్కి గట్టిపడింది, అన్నిటికంటే ఆఖర్న కరుగుతుంది. దాని మీదే పద. మెల్లిగా! నీకేం పెళ్ళి ముహూర్తం దాటిపోవడంలేదు."

మారిట్ వెనక నుంచి తోసింది. పొడిచింది, తోసింది, పొడిచింది. పాత బాట నిజంగానే ఆగింది. రెండువందల అడుగులు, మూడువందలు. వెనక ఏదో విరిగిన చప్పుడైంది.

"వెనక్కి చూడకు" అన్నాడు తాత. ఆయన చూశాడు. ఏం చూశాడో చెప్పలేదు.

ఒడ్డున లేసీ మొహం కనబడేంత దగ్గరికొచ్చాక బాట కూడా అయిపోయింది. మారిట్ కాలు వేసిన చోట గడ్డ చప్పుడు లేకుండా, గుప్పెడు పంచదార నీళ్ళలో పడ్డట్టు కరిగి మాయమైంది. నడుందాకా దిగిపోయింది. చలి కాదది, కత్తి. ఊపిరి బిగుసుకుపోయింది.

"పడవలోకి! పడవలోకి పడవే!" తాత రెండు చేతులతో ఆమె కోటు పట్టుకుని, తన విరిగిన కాలినే పడవ అంచుకి తన్నిపెట్టి లాగాడు. ఆయన గొంతులోంచి అప్పటిదాకా ఎవరూ వినని అరుపొకటి వచ్చింది. మారిట్ ఆయన మీద బోర్లా పడింది. పడవ ఊగింది, నీళ్ళు లోపలికి చిమ్మాయి, ఆగింది.

ఒడ్డు నుంచి లేసీ మోకు విసిరింది, అందలేదు. పిడికిట్లో చుట్టుకుని మళ్ళీ విసిరింది. అది తాత మెడ మీద పడింది.

"పశువుకి వేసినట్టు వేసిందే నాకు!" అన్నాడు ఆర్విడ్, మోకు పడవ ముక్కుకి ముడి వేస్తూ.

లేసీ లాగిన లాగుడికి చెరువు కూడా కొంచెం ముందుకొచ్చింది. పడవ నల్లనీళ్ళు దాటి, గడ్డ ముక్కలు తోసుకుంటూ, ఇసకలో గర్రుమని ఆగింది.

"ఏమయ్యా పెద్దాయనా, మొత్తానికి వచ్చావు" అంది లేసీ, కంబళి మారిట్‌కి చుడుతూ.

"నేనెందుకు వచ్చేవాణ్ణి? ఈ పిల్ల దారి తప్పింది. వదిలేస్తే బాగుండదని తీసుకొచ్చా."

లేసీ నోరు తెరిచింది. మారిట్ ఆమె మోచేయి గట్టిగా నొక్కింది. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, "అవునే. తాత లేకపోతే నేను రాలేకపోయేదాన్ని" అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఇద్దరూ కలిసి ఆయన్ని మోసుకెళ్ళి కారు వెనక సీట్లో చేర్చారు. లేసీ ఆసుపత్రికి ఫోన్ చెయ్యడానికి దుకాణంలోకి పరిగెత్తింది. మారిట్ హీటరు పెట్టి, తడిబట్టలతోనే తాత పక్కన కూర్చుంది. మళ్ళీ ఏమైనా అడగాలా అని ఆలోచిస్తోంది. కాలు నొప్పిగా ఉందా? నీళ్ళు కావాలా? అడిగితే వద్దంటాడు. ఎన్నిసార్లు అడగాలో ఇప్పుడు ఆమెకి తెలీదు.

తాత ముందు సీటు వీపు మీద రెండు చేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. బుగ్గలు పాలిపోయాయి. లేసీ దుకాణం తలుపు వేసుకున్న చప్పుడు వినబడేదాకా ఆగాడు.

"మారిట్."

"ఊఁ."

"ఈ బూటు... కొంచెం విప్పవే. నావల్ల కావడంలేదు."

మారిట్ కింద కూర్చుని, ఆ కాలిని ఒళ్ళోకి తీసుకుని, గడ్డకట్టిన ముడిని వేళ్ళ మధ్య పెట్టుకుని ఊపిరితో కరిగించడం మొదలుపెట్టింది.