సీసాలో దేశం

"మనుషుల టీలోకే చక్కెర లేదు. మా కోడలు ఈగలకు పాయసం వండుతోంది."

అత్తగారు పరస్కివా వంటింటి గుమ్మంలో నిలబడి అన్న మాట అది. స్మరాండా తల తిప్పలేదు. గ్యాసు మంట గోరంత ఉంది, గిన్నెలో మొక్కజొన్న పిండి అడుగంటకుండా కలుపుతోంది. అందులో చెంచాడు చక్కెర, చిటికెడు ఈస్ట్ వేసి, చిక్కబడ్డాక సీసాల అడుగున పోసి, చల్లారాక ఈగల్ని వదిలి, దూది బిరడా పెట్టాలి. తర్వాత అదే గిన్నె తోమి ఇంట్లో వాళ్ళకి మమలీగా సంకటి వండాలి. అదీ మొక్కజొన్న పిండే. ఈగలకీ ఇంట్లో వాళ్ళకీ ఒకటే తిండి, కాకపోతే ఈగలు ఉప్పు తక్కువైందని అనవు.

తుర్దా పట్టణం హైస్కూల్లో ఆమె జీవశాస్త్రం టీచరు. లాబొరేటరీలో ఉన్న ఒక్క మైక్రోస్కోపుకీ అద్దం పగిలి మూడేళ్ళయింది. కొత్తది అడిగితే ఊళ్ళో నవ్వుతారు. ఈగలకయితే ఎవర్నీ అడగక్కర్లేదు. బాల్కనీలో రెండు కుళ్ళిన రేగుపళ్ళు పెడితే పిలవని చుట్టాల్లా అవే వస్తాయి. ఆ శరదృతువులో పదకొండో తరగతి పిల్లల చేత వాటిని పెంచించి, జనాభా పాఠం చెప్పింది. ముందు నాలుగు, తర్వాత గుప్పెడు, ఆ తర్వాత సీసా నిండా. పిల్లలు మత్తుమందు చుక్క వేసి, తెల్ల కాగితం మీద పరిచి, కుంచెతో ఒక్కొక్కదాన్నీ జరుపుతూ లెక్కపెట్టి గ్రాఫు గీత గీశారు. గీత కొండలా పైకెక్కింది. సీసా అదే, తిండి అదే కాబట్టి కొన్నాళ్ళకి అక్కడే చతికిలబడింది. తర్వాత కిందికి పడింది.

"ఇరుకైపోయాక ఆడ ఈగ గుడ్లు పెట్టడం తగ్గించేస్తుంది," అంది స్మరాండా.

వెనక బెంచీలోంచి దొమ్నికా అనే పిల్ల లేచింది. "తగ్గించమని దానికి ఎవరు చెప్తారు, కామ్రేడ్ టీచర్?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. దానికే తెలుస్తుంది."

ఆడపిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. స్మరాండా గభాలున బోర్డు వైపు తిరిగి సుద్దముక్క తీసుకుంది. ఆ రోజుల్లో ఆ మాట పైకి అనకూడదు. దేశానికి పిల్లలు కావాలి. నలుగురిని కంటే మెచ్చుకుంటారు, ఐదుగురిని కంటే వదిలేస్తారు. అందాకా ఆడదాని కడుపు ఆడదానిది కాదు, తీయించుకుంటే జైలు. మూడు నెలలకోసారి స్కూల్లో ఆరోగ్యం గదికి డాక్టరొస్తాడు. ఆడ టీచర్లందరూ బయట వరసలో నిలబడాలి. ఎవరికి నెల తప్పింది, ఎవరికి తప్పి మళ్ళీ "సరిపోయింది" అన్నది అక్కడ తేలుతుంది.

ఆ వరస నిలబెట్టేది స్కూలు డైరెక్టరు. ఆ డైరెక్టరు ఆమె మొగుడు ట్రాయన్. ఆమెకతను ఇంట్లో "నువ్వు", స్కూల్లో "కామ్రేడ్ డైరెక్టర్ గారూ, మీరు". "నా భార్యే ముందు వెళ్తుంది, అందరికీ ఆదర్శంగా ఉంటుంది," అని స్టాఫ్ రూములో ప్రకటించేవాడు. ఆమె లేచి వెళ్ళేది. వెనక నుంచి జాలిగా చూసేవాళ్ళ చూపులు వీపుకి తగిలేవి. జాలి కన్నా ఎగతాళి నయం అనిపించేది.

అంతకు ముందు చలికాలంలో కడుపు రాకుండా వేసుకోవడానికి రవ్వ డబ్బాలో ఆమె దాచుకున్న మాత్రలు ట్రాయన్ చేతికి దొరికాయి. పక్క వీధి హంగరీ ఆవిడ, తన చుట్టం చేత చాటుగా తెప్పించి ఇచ్చిన మాత్రలు. కుళాయిలో నీళ్ళొచ్చే పూట చూసి మరీ, తల్లి ఎదురుగా, ఒక్కొక్కటే సింకులో వేసి కడిగేశాడు. "దేశం పిల్లల్ని అడుగుతుంటే డైరెక్టరు పెళ్ళాం మాత్రలు మింగుతుందా? నా మొహాన ఉమ్మేస్తారు!" పరస్కివా శిలువ గుర్తు వేసుకుని, "ఇద్దరూ ఆడపిల్లలే అయ్యారు, ఈసారి మగపిల్లాడు పుడతాడులే," అంది. వసంతం రాకముందే స్మరాండాకి నెల తప్పింది. ఆ వసంతం నుంచి నాలుగో అంతస్తులో వాళ్ళ ఇంటికి నీళ్ళెక్కడమే మానేశాయి. పొద్దున రెండు బకెట్లు, సాయంత్రం రెండు బకెట్లు ఆమే మోసింది. ట్రాయన్‌కి నడుం నొప్పి. ఆదివారాలు క్లబ్బులో టేబుల్ టెన్నిస్ ఆడేటప్పుడు మాత్రం ఆ నడుం మాట వినేది. నాలుగో నెలలో మూడో అంతస్తు మెట్ల మీద బకెట్టు జారింది, దానితో పాటు ఆమె కూడా.

ఆస్పత్రిలో మంచం పక్కన కుర్చీ వేసుకుని యూనిఫాం మనిషి కూర్చున్నాడు. "ఎవరు చేశారు? పేరు చెప్పు. చెప్పాకే డాక్టరు చెయ్యేస్తాడు." కింద దుప్పటి తడిసిపోతోంది. "బకెట్టు," అంది ఆమె. అది మనిషి పేరనుకుని వాడు పెన్ను తీశాడు. అప్పుడు తలుపు సందులోంచి ట్రాయన్ గొంతు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. రోజూ ఆ బకెట్లు చూసేవాడు, ఒక్క మాట చెబితే చాలు. ట్రాయన్ చెప్పాడు. "నేను పనిలో ఉన్నాను, కామ్రేడ్. ఆవిడ ఏం చేసుకుందో నాకేం తెలుసు? నేనెప్పుడూ చట్టం వైపే." చివరికి ముసలి నర్సొకావిడ ఆ యూనిఫాం వాణ్ణి కుర్చీతో సహా పక్కకు నెట్టి, స్మరాండాని బతికించింది. ఇంటికొచ్చిన రోజు ట్రాయన్ సూపు తాగుతూ, "పోనీలే, గండం గడిచింది, నా ఉద్యోగానికి ఢోకా లేదు," అన్నాడు. ఆ తర్వాతి డాక్టరు పరీక్షకి మళ్ళీ ఆమెనే వరసలో ముందు నిలబెట్టాడు.

స్మరాండా ఏడవలేదు, అరవలేదు. పొంగే కోపమయితే పొయ్యి మీదే పొంగి ఆరిపోయేది. ఆమెది పేరుకునే కోపం. దాన్ని అలాగే పేరుకోనిచ్చి వంట చేసింది, బట్టలుతికింది, పాఠాలు చెప్పింది.

ఫిబ్రవరిలో జిల్లా కేంద్రం నుంచి కబురొచ్చింది. పెద్ద ఇన్‌స్పెక్టరు బోలొవాన్ జనాభా పెరుగుదల మీద నమూనా పాఠం చూడ్డానికి వస్తున్నాడట. నచ్చితే డైరెక్టరుకి జిల్లా ఆఫీసులో కుర్చీ. ట్రాయన్ రెండు రోజులు గదిలో అటూ ఇటూ తిరిగి, మూడో రోజు ఈగల సీసాల ముందు ఆగాడు.

"ఇవి పెరుగుతాయి కదూ?"

"పెరుగుతాయి."

"చాలు. పాఠం నేనే చెప్తా. ఊరగాయ గాజు జాడీ ఒకటి కడిగి పెట్టు, పెద్దది. ఈ చిన్న సీసాలు వెనక బెంచీకి కనబడవు. అన్నిట్నీ ఆ ఒక్కదాంట్లోనే వెయ్యి. గుడ్డ తియ్యగానే నల్లగా, కిటకిటలాడుతూ కనబడాలి. ఇదే మన దేశం, ఇలా పెరగాలి అంటా."

"ఒకే జాడీలో ఉంచి తిండి మార్చకపోతే..."

"స్మరాండా! ఈగల గురించి నాకు పాఠం చెప్పకు."

సరే అంది. మర్నాటి నుంచి స్టాఫ్ రూములో అందరికీ అతను "నా ప్రయోగం" అని చెప్పడం మొదలుపెట్టాడు. జాడీ మీద అట్టముక్క అంటించి, పెద్దక్షరాల్లో తన పేరు రాయించాడు. దాన్ని వంటింట్లో పొయ్యి మీది అరలో పెట్టి, చలికి చావకుండా చూసుకునే పని మాత్రం ఆమెది. తన శాలువా తీసి దాని చుట్టూ కప్పింది. అత్తగారు సణిగింది. "మొగుడికి లేని వెచ్చదనం ఈగలకి."

అనుకున్న తేదీకి జాడీ నిజంగానే నల్లగా తయారైంది. గాజుకి చెవి ఆనిస్తే గుయ్‌మంటోంది. ఆ పూటే బోలొవాన్ వచ్చి ఉంటే ట్రాయన్ దశ తిరిగిపోయేదే. కానీ పై నుంచి ఎవరో వస్తున్నారని, బోలొవాన్ రాక రెండు వారాలు వెనక్కి పోయిందని ఫోనొచ్చింది.

"అందాకా ఉంటాయా ఇవి?" అని ట్రాయన్ టోపీ పెట్టుకుంటూ అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

స్మరాండా జాడీ ముందు నిలబడిపోయింది. అడుగున తిండి అప్పుడే నీరుకారుతోంది, అంచుల్లో బూజు. కొత్త తిండి వండి, కొత్త సీసాల్లోకి మారిస్తే గంట పని. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ప్రతిదీ అలాగే నిలబడింది. అతను మరిచిపోయిందల్లా ఆమె గుర్తుంచుకుని, అతను పాడుచేసిందల్లా ఆమె బాగుచేసి, అతను తూలినప్పుడల్లా కింద ఆమె చెయ్యి పెట్టి. ఈ ఒక్కసారి పెట్టకపోతే? ఆ ఆలోచన రాగానే ఒళ్ళంతా వెచ్చబడింది. భయమా అని తనని తానే పరీక్షించుకుంది. భయం కూడా ఉంది. దానికన్నా పెద్దదిగా సంతోషం ఉంది. మొక్కజొన్న పిండి డబ్బా మూత బిగించి, జాడీని ఇంకొంచెం మంట దగ్గరికి జరిపింది. వేడికి అంతా తొందరగా అవుతుంది.

ఆ రోజు ట్రాయన్ నీలం సూటు వేసుకున్నాడు. ఆ సూటు ఇస్త్రీ కూడా ఆమే చేసింది, మడత చెడకుండా. జాడీకి ఎర్ర గుడ్డ చుట్టి, స్కూలు దాకా ఆమే మోసుకెళ్ళి టేబుల్ మీద పెట్టింది. గోడ మీద దేశాన్నేలే పెద్దాయన ఫోటో, ముందు వరసలో బోలొవాన్, పక్కన పార్టీ వాళ్ళు, వెనక ఆమె పదకొండో తరగతి పిల్లలు. ట్రాయన్ బ్రహ్మాండంగా మాట్లాడాడు. మాతృమూర్తి అన్నాడు, కర్తవ్యం అన్నాడు. చివర్న గొంతు పెంచి, "రేపటి మన దేశం ఇదిగో!" అని గుడ్డ లాగాడు.

జాడీ అడుగున గోధుమరంగు బురద. బురద మీద వేలెత్తు చచ్చిన ఈగలు. పైన రెండో మూడో రెక్కలు అంటుకుపోయి, గాజు మీద పాకబోయి జారుతున్నాయి.

బోలొవాన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అడిగాడు. "ఇదేనా మన దేశం, కామ్రేడ్ డైరెక్టర్?"

ట్రాయన్ మొహం జాడీ మీది అట్టముక్కలా తెల్లబోయింది. "స్మరాండా! ఏమిటిది?"

బోలొవాన్ ఆమె వైపు తిరిగాడు. "వీటిని పెంచింది మీరా?"

ఒక్క మాట. "తప్పు నాదే, తిండి మార్చడం మరిచిపోయాను" అంటే చాలు, ఓ చీవాటుతో పోతుంది. ట్రాయన్ కళ్ళు ఆ మాట కోసమే ఆమె మొహాన్ని వెతుకుతున్నాయి. అంతగా ఆమెని ఎప్పుడూ చూడలేదతను, పెళ్ళినాడు కూడా.

"నేను పిండి ఉడకబెట్టాను, కామ్రేడ్," అంది స్మరాండా. "ప్రయోగం డైరెక్టరు గారిది. అన్నీ ఒకే జాడీలో వెయ్యమన్నది వారు. నేను ఏదో చెప్పబోతే, పాఠం చెప్పొద్దన్నారు. వారి మాట దాటే హక్కు నాకు లేదు."

బోలొవాన్ పిల్లల వైపు చూశాడు. ఆ గీత తమ చేతుల్తో గీసిన పిల్లలు. నెల రోజులుగా వరండాలో "నా ప్రయోగం, ఒకే జాడీ" అని డైరెక్టరు గొప్పలు విన్న పిల్లలు. ఇలాగే అవుతుందని వాళ్ళకి ముందే తెలుసన్న సంగతి ఆమెకి అప్పుడే తట్టింది. ఎవరూ నోరు మెదపలేదు. దొమ్నికా తన గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. ఆ పిల్ల పెదవి చివర మాత్రం కాస్త వంకర తిరిగింది.

తర్వాత రహస్య పోలీసుల తోలుకోటు మనుషులు వచ్చారు. దేశాన్ని ఎగతాళి చెయ్యమని ఎవరు నేర్పారని ట్రాయన్‌ని అడిగారు. ఆమెనీ రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ అవే మాటలు చెప్పింది. స్టాఫ్ రూము మొత్తానికీ ఆ ప్రయోగం ఎవరిదో తెలుసు, అతనే కదా చాటింది. పైన తెలిసినవాళ్ళ కాళ్ళు పట్టుకుంటే జైలు తప్పింది. డైరెక్టరు కుర్చీ పోయి, కొండల్లో బస్సు కూడా వెళ్ళని పల్లెకి, ఏకోపాధ్యాయ బడికి వేశారు. పశ్చాత్తాపం కలుగుతుందేమోనని స్మరాండా కొన్నాళ్ళు ఎదురుచూసింది. ఆకలి మాత్రం బాగా వేసింది. ఒక మధ్యాహ్నం ఎవరికీ వడ్డించకుండా, తను ముందు కూర్చుని రెండు గిన్నెల బీన్స్ సూపు తాగింది.

వెళ్ళే రోజు ఆదివారం. ఆడపిల్లలిద్దరూ కింద ఆడుకుంటున్నారు. ట్రాయన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె అతని చొక్కాలు మడతపెట్టి సూట్‌కేసులో పెడుతోంది.

"నీకు ముందే తెలుసు కదూ?" అన్నాడు.

"తెలుసు."

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. "నేను నీకేం ద్రోహం చేశానని?"

స్మరాండా చొక్కా బొత్తాలు పెట్టడం ఆపి అతన్ని చూసింది. మనిషి నిజంగానే అడుగుతున్నాడు. అతనికి నిజంగానే గుర్తు లేదు. చెప్పాలనిపించలేదు ఆమెకి. తెలియకుండా మొయ్యనీ, బరువు ఎక్కువగా ఉంటుంది.

అలమరా మీంచి రెండో సూట్‌కేసు దించి, దుమ్ము తుడిచి, మంచం మీద తెరిచింది. అది చూసి ట్రాయన్ ఊపిరి పీల్చుకున్నాడు. "అదీ! ఇప్పటికైనా బుద్ధొచ్చింది. మొగుడెక్కడుంటే పెళ్ళామక్కడ. నీ బదిలీకి నేనే రాస్తాలే. అక్కడ బావి దూరమట, నువ్వుంటే..."

ఆమె పక్క గదిలోకి వెళ్ళి, రెండు చేతుల నిండా బట్టలు తెచ్చింది. అన్నీ నల్లవి. ముసలమ్మ తలగుడ్డలు, ఉన్ని పావడాలు, చర్చికి కట్టుకెళ్ళే శాలువా.

"ఏమే, నా బట్టలెందుకు తీస్తున్నావ్?" అంటూ పరస్కివా వెనకే వచ్చింది.

"చలి ఊరు కదా అత్తయ్యా," అంది స్మరాండా, తలగుడ్డ కొసలు సమానంగా పట్టి మడుస్తూ. "మీ అబ్బాయికి నీళ్ళు మోసేవాళ్ళు కావాలి."