రింగులో వెలిగించిన దీపం

నేను ఒక గుడ్డను. చీరను కాను, తెరను కాను. బాక్సింగ్ రింగులో కింద పరిచే మందపాటి కాన్వాసును. టీవీలో మీరు పిడికిళ్ళు చూస్తారు, పగిలిన పెదవులు చూస్తారు. నన్నెవరూ చూడరు. మనుషుల గురించి నాకు తెలిసినదంతా అరికాళ్ళ వైపు నుంచి తెలిసిందే. ముఖం కంటే అరికాలు తక్కువ అబద్ధాలాడుతుంది.

తమిళనాట ఒక మిల్లులో నన్ను నేసి, అంచుల వెంట ఇత్తడి కళ్ళు బిగించారు. వాటిలోంచి తాళ్ళు దూర్చి, మంచానికి నవారు లాగినట్టు చెక్కల మీద లాగి కట్టారు. ముడత పడితే ఒకరి కాలు విరుగుతుందని ఆ కట్టినాయన పక్కవాడితో అన్నాడు. నేను విన్న మొదటి ధర్మం అది. ఇరవై నాలుగు గంటలూ తొక్కించుకుంటూ ముడత పడకుండా ఉండటమంటే ఏమిటో ఇల్లాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

నా మొదటి కొలువు ఢిల్లీలో, పలు దేశాల పోటీల్లో. అక్కడే నా చదువంతా. క్యూబా కుర్రాళ్ళ బూట్లు అరిగిపోయినవి, అడుగులు మాత్రం ఒకే తల్లి నేర్పినట్టుండేవి. చిన్నప్పుడే ఏరి క్రీడల బడిలో వేస్తారట. చేతొడుగులకు కరువుగాని గురువులకు కరువు లేదని వాళ్ళ శిక్షకుడే నవ్వుతూ చెప్పుకున్నాడు. ఉజ్బెకిస్తాన్ వాళ్ళు వైద్యుణ్ణి తెచ్చుకున్నారు, ఒళ్ళు మర్దించేవాణ్ణి తెచ్చుకున్నారు, వంటాయన్ని కూడా తెచ్చుకున్నారు. పిల్లలు తిన్నారా లేదా అని ఆయన రింగు దాకా వచ్చి అడిగి వెళ్ళేవాడు. ఐర్లండు మూలలో నిలబడ్డ పెద్దాయన పగలు ఉత్తరాలు పంచి, సాయంత్రం పేట పిల్లలకు బాక్సింగు చెప్పేవాడట. అతని శిష్యుడు పెద్ద శిక్షణ కేంద్రానికి ఎదిగిపోయినా పాత గురువును మూలలోంచి నెట్టెయ్యలేదు. ఇంగ్లండువాళ్ళు లాటరీ టిక్కెట్ల సొమ్ములోంచి బాక్సర్లను సాకుతారని విని నాకు నవ్వొచ్చింది. మన దగ్గర లాటరీ సంసారాలు కూల్చింది, వాళ్ళ దగ్గర పిల్లల్ని నిలబెట్టింది. అమెరికా పిల్లవాడికి మాత్రం అంత దన్నున్నట్టు కనిపించలేదు. పేట జిమ్ములో తనంతట తానే పెరిగాడు. బాగా కొడితే పోటీలతో సొమ్ము చేసుకునే వ్యాపారి ఎగరేసుకుపోతాడు, లేకపోతే అడిగే దిక్కుండదు.

ఏదో ఒక పద్ధతి, మంచిదో చెడ్డదో, ప్రతివాళ్ళకూ ఉంది. మరి మనవాళ్ళో? మన జట్టు రింగెక్కితే బాక్సింగు బూట్ల కంటే వెంట వచ్చిన పెద్దమనుషుల తోలుబూట్లు ఎక్కువ. మొక్కకు చెంబెడు నీళ్ళు పోసినవాడు లేడు. కాయ కాశాక ఫొటోలో కాయకంటే ముందు నిలబడేవాళ్ళు మాత్రం బోలెడుమంది.

పోటీలయ్యాక నన్ను చుట్టచుట్టి లారీలో విశాఖపట్నం పంపారు. సముద్రానికి దగ్గర్లో ఒక రేకుల షెడ్డు, అందులో పైడిరాజు మాస్టారి శిక్షణ. పోర్టులో ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. పిల్లల్ని కొడకా, కూతురా అని తిట్టేవాడు. ఎవరైనా చెప్పులతో నా మీద అడుగు పెడితే ఆ తిట్లు కూడా ఉండేవి కావు, చీపురు విసిరేవాడు.

అక్కడికి వచ్చేది మైలపల్లి నూకరత్నం. జాలరిపేట పిల్ల. తల్లి ఎర్రయ్యమ్మ ఎండుచేపలమ్ముతుంది. వలతాడు పట్టి ఇసకలో వెనక్కి వెనక్కి నడిచి పెరిగిన కాళ్ళు ఆ పిల్లవి. వెనకడుగు వెయ్యడం మామూలుగా బాక్సర్లకు ఏళ్ళు పట్టి వచ్చే విద్య. ఈమెకది పుట్టుకతో వచ్చింది. క్యూబా వాళ్ళ అడుగులు మోసిన నేను చెబుతున్నాను, నూకరత్నం మడమ నా మీద పడితే పిల్లి నడిచినట్టుండేది.

ఆ ఏడు రాష్ట్ర ఎంపిక పోటీలు మా షెడ్డుకు వచ్చాయి. గెలిచినవాళ్ళు జాతీయ శిబిరానికి వెళతారు. అక్కడ వైద్యులుంటారు, సరైన తిండి ఉంటుంది. జూనియర్లలో నూకరత్నానికి అది ఆఖరి ఏడు. ఆ తలుపు దాటితే దాటినట్టు, లేదంటే చేపల తట్ట.

పోటీలు పొద్దున్నే అన్నారు. ముఖ్య అతిథి రాలేదు కాబట్టి మొదలుపెట్టలేదు. పిల్లలు ఖాళీ కడుపుతో ఒళ్ళు వేడి చేసుకున్నారు. చల్లారారు, మళ్ళీ వేడి చేసుకున్నారు. అన్నం రెండోసారి వేడిచేస్తేనే రుచి పోతుందే, వీళ్ళ సంగతి చెప్పాలా?

చివరికి అతిథి వచ్చాడు. వెనక పరివారం. బాక్సింగు సంఘం కార్యదర్శి విశ్వేశ్వర్రావు గారు వాళ్ళందరినీ తిన్నగా రింగులోకి ఎక్కించారు. బూట్లతోనే. మాస్టారు చీపురు దాకా వెళ్ళి ఆగిపోయాడు. రింగయితే వెనక బ్యానరు బాగా పడుతుందని ఫొటోగ్రాఫరు అన్నాడట, అందుకని దీపపు కుందిని తెచ్చి నా నడిమధ్య పెట్టారు. మూల ఇనపస్తంభానికేసి కొబ్బరికాయ కొట్టారు. అతిథి లాల్చీ మీద చేతొడుగులు వేసుకుని గాలిని గుద్దాడు. గాలి ఓడిపోయింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తోపులాటలో ఎవరి మోచెయ్యో తగిలి కుంది ఒరిగింది. గోరువెచ్చని నూనె నాలోకి ఇంకుతుంటే తెలిసింది. అరవడానికి నాకు నోరు లేదు.

నూకరత్నానికి ఉంది.

"సార్, నూనొలికిపోనాది. శనగపిండి జల్లితే పీల్చేత్తాది. బేగి తెప్పించండి సార్."

"శుభమా అని దీపం పెడితే నూనె అంటావేంటమ్మా? దీపం నూనె మంచిదే," అన్నారు కార్యదర్శి. అని, తడిగుడ్డతో తుడిచెయ్యమని పురమాయించారు.

తడిగుడ్డ! నూనె ఒలికితే పిండి చల్లాలని, నీళ్ళు తగిలిస్తే అరచేతంత మరక చాపంత అవుతుందని వంటింటి గడప తొక్కిన ఎవరికైనా తెలుసు. బాక్సింగును ఉద్ధరించడానికి బయలుదేరిన పెద్దమనుషుల్లో ఒక్కడూ ఆ గడప తొక్కిన పాపాన పోలేదు. తుడిచారు. నిగనిగలాడాను. ఎంత శుభ్రంగా ఉందో చూశావా అని ఆ పిల్లకే చూపించారు.

ఫైనల్లో ఆమెకు ఎదురు కడప అమ్మాయి షబానా. మొదటి రెండు రౌండ్లూ నూకరత్నానివే. మధ్యలోకి పోకుండా తాళ్ళ వెంటే తిరుగుతూ కొట్టింది. మూడో రౌండులో షబానా తాళ్ళ వైపు నుంచి అడ్డుపడి, ఆమెను మధ్యలోకి తోసుకొచ్చింది. నూకరత్నం వెనకడుగు వేసింది, పుట్టుకతో వచ్చిన ఆ వెనకడుగే. మడమ మరక మీద పడింది. నేను పట్టుకోవాలని చూశాను. నా నేత మొత్తం బిగబట్టి చూశాను. జారిపోయింది. మోకాలు లోపల పుల్ల విరిగిన చప్పుడయింది. అది నాకూ ఆమెకూ మాత్రమే వినిపించింది.

షబానా రెఫరీ వైపు తిరిగి, "నేల జారతాంది సార్. నేను కొట్టలా," అంది.

ఓడించవలసిన పిల్ల చెప్పిన మాట అది. పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు. నూకరత్నం లేవలేకపోయింది గనక షబానా చెయ్యి ఎత్తారు. ఆ చెయ్యి బరువుగా లేచింది. వైద్యుడేడంటే అతిథి కారు వెనక అంబులెన్సులో వెళ్ళాడు. ఐసు కూల్‌డ్రింకుల తొట్టిలోంచి తెచ్చారు. కట్టు కట్టడానికి గుడ్డ లేకపోతే మాస్టారు అతిథికి కప్పగా మిగిలిన శాలువా తీసి మోకాలికి చుట్టాడు. సన్మానపు శాలువా ఒక పనికి రావడం నా ఎరుకలో అదే మొదలు.

విచారణ జరిపారు. తప్పు ఎవరిదో తేలింది. నాది. కాన్వాసు పాతబడి పట్టు పోయిందట. ఎన్నో దేశాల పిల్లల్ని మోసి ఒక్కరినీ జారనివ్వని నన్ను, ఒక దీపం వెలిగించిన పూట పనికిరానిదాన్ని చేసి, గోడవతల పారేశారు. దీపానికి తప్పు అంటగట్టలేరు. అతిథికి అంతకన్నా అంటగట్టలేరు. నేలమీద పడుండేది నేనే కదా.

ఎర్రయ్యమ్మ చూసి, "సేపలెండబెట్టుకోడానికి పనికొత్తాది," అని నెత్తినెత్తుకుపోయింది.

ఇప్పుడు ఇసకలో ఉంటున్నాను. పగలంతా నా మీద కవ్వళ్ళు, నెత్తళ్ళు, ఇలా చిన్నచేపలు ఎండుతుంటాయి. కంపే, కానీ బూట్ల కంటే నయం. పొద్దున చేపలు పరచక ముందు నూకరత్నం వస్తుంది. మొదట్లో కర్రతో వచ్చేది. ఇప్పుడు కర్ర అంచున పెట్టి నా మీద నిలబడుతుంది. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి. వెనక్కి వేసేటప్పుడు ఇంకా వణుకుతుంది.

మొన్న విశ్వేశ్వర్రావు గారు పేటకు వచ్చారు. షెడ్డులో కొత్త కాన్వాసు పరిచారట, ప్రారంభోత్సవమట. గాయపడిన క్రీడాకారిణి చేత జ్యోతి వెలిగిస్తే పేపర్లో బాగుంటుందని ఆయన ఆలోచన. మాట్లాడుతూ మాట్లాడుతూ, చేపలు పరచని నడిమధ్య దాకా నా మీదికి ఎక్కేశారు.

"బూట్లిప్పండి సార్," అంది నూకరత్నం.

"ఇక్కడా?"

"తిండి మీద తొక్కేత్తారేటి బాబూ? ఇప్పండి," అంది ఎర్రయ్యమ్మ, చేపలు తిరగేస్తూనే.

ఆయన ఇప్పారు. ఇన్నాళ్ళకు ఆయన అరికాళ్ళు నాకు తగిలాయి. వెన్నలా ఉన్నాయి. వాటికి కష్టమంటే తెలియదు.

"దీపం ఎక్కడెడతారు సార్?" అని అడిగింది నూకరత్నం.

"రింగులోనేనమ్మా. నీ పక్కన నేనుంటాను, పడిపోకుండా పట్టుకుంటాను."

ఆమె కాసేపు ఆయన కాళ్ళకేసి చూసింది.

"మీరు నిల్సున్న సోటే సార్," అంది. "నాను జారింది."

ఆయన కిందికి చూశారు. నన్ను పోల్చుకున్నారో లేదో తెలీదు. మరకను మాత్రం పోల్చుకున్నారు, గభాల్న ఒక అడుగు వెనక్కి వేశారు. వెనకడుగు ఆయనకు రాదు. నెత్తళ్ళ మీద పడ్డారు.

నూకరత్నం చెయ్యి అందించి లేపింది. "దీపం రింగు బయటెట్టించండి. అందరూ బూట్లిప్పేలా సూడండి. అప్పుడొత్తాను. దీపానికి కాదు, ప్రాక్టీసుకి," అంది.

చూద్దాం అన్నారాయన. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. బూట్లు చేత్తో పట్టుకుని, కాలే ఇసకలో గెంతుకుంటూ వెళ్ళిపోయారు.

ఎర్రయ్యమ్మ నలిగిన చేపలు ఏరి పారేసి, మరక మీద శనగపిండి చల్లి రుద్దబోయింది. కూతురు వద్దంది. ఉండనియ్యమంది.

నేనూ అదే అంటాను. ఉండనియ్యండి.